తీగమొక్కల కుండీ మార్పిడి (దిగువ కృష్ణా డెల్టా)

తీగమొక్కల కుండీ మార్పిడి అనగా కుండీలో పెరుగుతున్న తీగజాతి మొక్క వేళ్ళకు చోటు చాలనప్పుడు దానిని అంతకంటే పెద్ద కుండీలోకి మార్చడం, లేదా అదే కుండీలో పాత మట్టిని, ముదురు వేళ్ళను కొంతమేర తొలగించి కొత్త మట్టి నింపడం. నర్సరీలవారు, మిద్దెతోటల పెంపకందారులు దీనిని రీపాటింగ్ అని కూడా అంటారు. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఈ పనికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. తీరానికి దగ్గరగా భూగర్భజలం ఉప్పగా ఉండటం, నేల చాలాచోట్ల బరువైన నల్లరేగడి కావడం, వేసవిలో కాలువలకు నీరు ఆపివేయడం అనే మూడు కారణాల వలన ఇక్కడ కుండీలోని మట్టి పరిమాణం మొక్క ఎదుగుదలను మాత్రమే కాక, అది వేసవిని దాటి బతుకుతుందా లేదా అనేదానిని కూడా నిర్ణయిస్తుంది.

తీగల స్వభావం

చెట్టు తన బరువును తానే మోయడానికి మాను పెంచుకుంటుంది. తీగ ఆ ఖర్చు పెట్టదు. పందిరినో, గోడనో, కిటికీ ఊచలనో ఆధారం చేసుకొని, సన్నని కాండం మీదనే చాలా విస్తారమైన ఆకును మోస్తుంది. ఆ ఆకుకు కావలసిన నీటిని సరఫరా చేయడానికి తీగల కాండంలోని నీటి నాళాలు సాధారణంగా వెడల్పుగా ఉంటాయి. నేలలో నాటిన తీగ వేళ్ళను ఎంత దూరమైనా పంపుకోగలదు. కుండీలో మాత్రం పైన పందిరి నిండా ఆకు, కింద నాలుగు గుప్పెళ్ళ మట్టి అన్నట్లు ఉంటుంది. అదే పరిమాణం గల కుండీలోని గుబురు మొక్క కంటే తీగ త్వరగా వాడిపోవడానికి కారణం ఇదే.

కుండీలో పెరిగే వేరు గోడను తాకిన తరువాత ముందుకు పోలేక దాని వెంబడి చుట్టూ తిరుగుతుంది. కొంతకాలానికి మట్టి చుట్టూ వేళ్ళ వల ఏర్పడుతుంది. ఈ వేళ్ళూ మట్టీ కలిసిన ముద్దను ఈ వ్యాసంలో వేరుముద్ద అని వ్యవహరించడం జరిగింది. వేళ్ళు ఎక్కువయ్యే కొద్దీ నీటిని పట్టి ఉంచే మట్టి వాటా, గాలి ఉండే ఖాళీల వాటా తగ్గిపోతాయి.

కుండీ పరిమాణం ప్రభావంపై అప్పటివరకు వెలువడిన 65 పరిశోధనలను హెండ్రిక్ పూర్టర్, ఆయన సహచరులు సమీక్షించి 2012లో ప్రచురించారు. కుండీ పరిమాణం రెట్టింపు అయినప్పుడు మొక్క బరువు సగటున 43 శాతం పెరిగినట్లు అందులో తేలింది. ఎరువు సరిపడా వేస్తే చిన్న కుండీ చాలునన్న వాదనకు ఈ సమీక్ష పెద్దగా బలం చేకూర్చలేదు.

ప్రాంతపు నేల, నీరు

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం వరకు ఉన్న భూభాగమే దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు మండలాలు ఇందులో ఉన్నాయి. నదికి దగ్గరగా ఉన్న లంకలలో మెత్తని ఒండ్రుమట్టి దొరుకుతుంది. గుడివాడ వైపు వరి పండే బంకనేలలు ఎక్కువ. సముద్రం వైపు వెళ్ళే కొద్దీ ఉప్పు నేలలు, చౌడు భూములు కనిపిస్తాయి. మచిలీపట్నంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం చౌడును తట్టుకొనే వరి రకాలపై, బాపట్లలోని పరిశోధనా కేంద్రం ఉప్పునీటి వినియోగంపై పనిచేస్తుండటాన్ని బట్టి ఈ సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన వేలమంది ప్రాణాలు తీసింది. పొలాలను, చెరువులను సముద్రపు నీటితో ముంచింది.

తీరగ్రామాలలో పైపొరలో కొంత మంచినీరు ఉన్నా, బోరు లోతుగా వేస్తే ఉప్పునీరు తగులుతుంది. అందువలన ఇంటి మొక్కలకు కాలువ నీరు, దానితో నింపిన చెరువుల నీరు, మున్సిపాలిటీ కుళాయి నీరు, వాననీరు ముఖ్య ఆధారాలు. రబీ పంట ముగిసిన తరువాత సాధారణంగా కాలువలకు సాగునీరు నిలిపివేస్తారు. మళ్ళీ జూన్ లేదా జూలైలో వదులుతారు. ఈ మధ్య కాలంలో, అంటే ఎండ అత్యధికంగా ఉండి మొక్కకు నీరు ఎక్కువ కావలసిన వారాలలోనే, చాలామంది బోరు నీటిపై ఆధారపడవలసి వస్తుంది.

కుండీకి పోసిన నీటిలో కొంత ఆకుల ద్వారా, కొంత మట్టి పైభాగం నుండి ఆవిరైపోతుంది. ఉప్పు మాత్రం మట్టిలోనే మిగిలిపోతుంది. చిన్న కుండీలో మట్టి తక్కువ కావడం వలన అదే ఉప్పు త్వరగా చిక్కబడుతుంది. మట్టిలోని నీటిలో లవణాలు పెరిగితే, ద్రవాభిసరణ కారణంగా మట్టి తడిగా కనిపిస్తున్నా వేరు నీటిని పీల్చుకోలేదు. పెద్ద కుండీ ఈ ప్రాంతంలో ఒక విధంగా రెండు పనులు చేస్తుంది: కాలువ కట్టిన రోజులకు నీటిని నిల్వ ఉంచుతుంది, వచ్చి చేరే ఉప్పును పలచగా ఉంచుతుంది.

నేల మీద పెట్టిన కుండీ అడుగు రంధ్రం నుండి వేరు కిందికి దిగి భూమిలో పాతుకోవడం తరచూ జరుగుతుంది. గుడివాడ వంటి చోట్ల మంచినీరు అందే పెరళ్ళలో ఇది మొక్కకు మేలే. మొక్క ఒక్కసారిగా పుంజుకోవడం చూసి, కుండీ మార్చనవసరం లేకుండా పోయిందని సంతోషించేవారు ఉన్నారు. కాని తీరం వెంబడి చౌడు నేలపై ఉంచిన కుండీలో ఇదే జరిగితే వేరు నేరుగా ఉప్పులోకి దిగుతుంది. అటువంటి చోట కుండీని ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టడం అవసరం. తీగను కుండీలోంచి తీసి నేలలో పాతడమే అన్నిటికంటే మంచి మార్గమన్న సాధారణ సలహా కూడా ఈ కారణం చేతనే తీరగ్రామాలకు అన్నివేళలా వర్తించదు.

చోటు చాలలేదని గుర్తించడం

పోసిన నీరు మట్టిలో ఇంకకుండా అంచుల వెంబడి జారి వెంటనే అడుగు నుండి బయటకు రావడం, ఉదయం తడిపిన కుండీ సాయంత్రానికే తేలికైపోవడం, రంధ్రం నుండి వేళ్ళు వేలాడటం, ప్లాస్టిక్ కుండీ ఉబ్బడం, కొత్త ఆకులు పాతవాటికంటే చిన్నవిగా రావడం, మొగ్గలు విచ్చకముందే రాలడం ముఖ్యమైన లక్షణాలు.

అయితే వీటిలో కొన్ని ఉప్పు దెబ్బ వలన కూడా కనిపిస్తాయి. దిగువ డెల్టాలో జరిగే పొరపాట్లలో ఇది ప్రధానమైనది. మొక్క వాడుతున్నదని కుండీ మారుస్తారు; పెద్ద కుండీలో అదే బోరు నీరు పోస్తారు; మొక్క మళ్ళీ వాడుతుంది. ఆకు కొనలు, అంచులు కాలినట్లు గోధుమరంగుకు మారడం, మట్టిపైన లేదా మట్టికుండీ వెలుపలి గోడపై తెల్లని పొర కట్టడం ఉప్పుకు గుర్తులు. మొక్కను బయటకు తీసి చూసినప్పుడు వేళ్ళు తెల్లగా, దట్టంగా గోడ వెంట చుట్టుకొని ఉంటే చోటు చాలలేదని అర్థం. వేళ్ళు తక్కువగా ఉండి, గోధుమరంగుకు తిరిగి, కొనలు ఎండి ఉంటే ముందు నీటి సంగతి చూడవలసి ఉంటుంది. మెత్తబడి కుళ్ళు వాసన వస్తుంటే అది నీరు నిలవడం వలన వచ్చిన తెగులు.

తాగునీటిని పరీక్షించే చిన్న టి.డి.ఎస్. మీటరు ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాగునీటి మార్గదర్శకాల ప్రకారం లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు లవణాలు ఉన్న నీటిని ఏ పరిమితి లేకుండా వాడవచ్చు. 450 నుండి 2,000 వరకు జాగ్రత్తతో వాడాలి. 2,000 దాటిన నీరు చాలా మొక్కలకు పనికిరాదు. ఇళ్ళలోని ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలే నీరు, వచ్చిన నీటికంటే ఉప్పగా ఉంటుంది కనుక పారబోయడం ఇష్టంలేక దానిని కుండీలకు పోయడం మంచిది కాదు. ఎయిర్ కండిషనర్ నుండి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. దానిని నిరభ్యంతరంగా వాడవచ్చు.

అనువైన కాలం

రోహిణి కార్తె ఎండలు తగ్గి, మృగశిర కార్తెతో తొలకరి మొదలైన తరువాత జూన్ నెలాఖరు నుండి ఆగస్టు వరకు చాలా తీగలకు అనువైన కాలం. గాలిలో తేమ ఉంటుంది, వేళ్ళు చురుకుగా పెరుగుతాయి, కాలువలకు కొత్త నీరు వస్తుంది, వాన కూడా మట్టిలోని ఉప్పును కొంత కడుగుతుంది. ఏప్రిల్, మే నెలలలో వేళ్ళను కదిలించడం ప్రమాదకరం. మొక్క అప్పటికే ఇబ్బంది పడుతుంటే కుండీని నీడకు జరిపి, తీగను మూడోవంతు కత్తిరించి, ఆకు భారం తగ్గించి, వాన వరకు కాపాడుకోవడమే మేలు.

అక్టోబరు, నవంబరు నెలలు చల్లగా ఉన్నప్పటికీ తుపానుల కాలం కావడంతో అప్పుడు మార్చడం అంత క్షేమం కాదు. కొత్తగా మార్చిన తీగ వేళ్ళు కుండీ మట్టిని ఇంకా పట్టి ఉండవు. ఆకు నిండిన పందిరి గాలికి తెరచాపలా పనిచేసి వేరుముద్దను కదిలిస్తుంది. డిసెంబరులో కూడా తుపానులు వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. మల్లె విషయంలో మాత్రం కాలం వేరు. ఆ సంగతి దిగువన ఉన్నది.

కుండీ ఎంపిక

సాధారణ నియమం పాత కుండీ కంటే వెడల్పులో 2 అంగుళాలు పెద్దది ఎంచుకోవడం. చూడటానికి ఈ తేడా స్వల్పమే అయినా ఘనపరిమాణంలో చాలా పెద్దది. ఎత్తు, వెడల్పు సమానమైన 10 అంగుళాల కుండీలో సుమారు 13 లీటర్ల మట్టి పడుతుంది. 12 అంగుళాల దానిలో సుమారు 22 లీటర్లు, 14 అంగుళాల దానిలో సుమారు 35 లీటర్లు పడుతుంది. ఒక్కసారిగా మరీ పెద్ద కుండీలోకి మారిస్తే వేళ్ళు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి పులుస్తుంది. బంకమట్టి కలిసిన మిశ్రమంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

మట్టి కుండీ గోడల నుండి నీరు ఆవిరై వేళ్ళు చల్లగా ఉంటాయి. అదే కారణంగా ఉప్పు గోడపై పేరుకుంటుంది, కుండీ త్వరగా ఆరుతుంది. ప్లాస్టిక్ కుండీలో నీరు నిలుస్తుంది కాని ఎండ నేరుగా తగిలే వైపు వేళ్ళు వేడికి దెబ్బతింటాయి. ముదురు రంగు కుండీకి పడమటి వైపున మరో చిన్న కుండీనో, గోనెపట్టానో అడ్డుగా పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. సిమెంటు కుండీలు గాలికి పడిపోవు గాని కదపడం కష్టం. చేపల రవాణాకు వాడిన థర్మోకోల్ పెట్టెలు మిద్దెతోటలలో విరివిగా వాడుకలో ఉన్నాయి. అవి వేడిని లోపలికి రానీయవు. ముందుగా మంచినీటితో బాగా కడిగి, అడుగున రంధ్రాలు చేయాలి. లోతు తక్కువ కనుక బచ్చలి వంటివాటికే సరిపోతాయి.

అడుగున కంకర లేదా పెంకుల పొర వేస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం అంతటా ఉన్నది. వాస్తవానికి సన్నని మట్టి నుండి పెద్ద ఖాళీలున్న కంకరలోకి నీరు సులభంగా దిగదు. మట్టి పూర్తిగా నానిన తరువాతే కిందికి జారుతుంది. అందువలన తడి పొర పైకి జరిగి, వేళ్ళకు మిగిలే చోటు తగ్గుతుంది. మట్టి కారిపోకుండా రంధ్రంపై ఒక్క పెంకు ముక్క బోర్లించడం చాలును.

డాబాపై ఉంచే కుండీల బరువు కూడా పరిగణించవలసిన విషయం. 12 అంగుళాల కుండీ తడిసినప్పుడు 30 నుండి 40 కిలోల వరకు తూగుతుంది. 100 లీటర్ల సగం డ్రమ్ము 150 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే ఇంటి పైకప్పును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు లెక్కించి కడతారు. కావున పెద్ద కుండీలను శ్లాబు నడుమ కాక గోడలు, దూలాల మీదుగా వచ్చే చోట అమర్చాలి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టే బందరు వంటి పట్టణాలలో, పాత డాబాల మీద, ఈ జాగ్రత్త మరింత అవసరం.

మట్టి మిశ్రమం

నల్లరేగడి మట్టి ఒక్కదానినే కుండీలో నింపరాదు. అది తడిసినప్పుడు ఉబ్బి గాలిని మూసివేస్తుంది, ఎండినప్పుడు కుంచించుకొని కుండీ గోడ నుండి విడిపోతుంది. ఆ సందులోంచే నీరు జారిపోయి లోపలి వేరుముద్ద పొడిగా మిగులుతుంది. పెళుసైన సన్న వేళ్ళు పగుళ్ళలో తెగిపోతాయి కూడా.

ఒండ్రుమట్టి దొరికినచోట అది రెండు పాళ్ళు, నది ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక పాలు, ఊక లేదా కొబ్బరి పొట్టు అర పాలు కలిపిన మిశ్రమం చాలా తీగలకు సరిపోతుంది. ఒండ్రుకు బదులు రేగడి వాడవలసి వస్తే దానిని ఒక పాలుకు తగ్గించి, ఇసుకను, ఊకను పెంచాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వల పొడి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉండవచ్చు. రెండుమూడు సార్లు మంచినీటిలో నానబెట్టి పిండిన తరువాతనే వాడాలి.

వరి పండే ఈ ప్రాంతంలో రైసు మిల్లుల ఊకకు కొదవ లేదు. ఊక త్వరగా కుళ్ళదు, మట్టిని గుల్లగా ఉంచుతుంది. పూర్తిగా కాలిన ఊక బూడిద క్షార స్వభావం కలది. చౌడు గుణం ఉన్న మట్టిలో దానిని కలపడం వలన నష్టమే. సగం కాలి నల్లగా ఉన్న ఊక నయం.

చేపల చెరువులు ఎండగట్టినప్పుడు తీసే బురదను మొక్కలకు బలమని తెచ్చి వాడేవారు ఉన్నారు. మంచినీటి చేపల చెరువు మట్టిలో పోషకాలు ఉండే మాట నిజమే. దానిని ఎండబెట్టి, పొడిచేసి, ఇతర మట్టిలో తక్కువగా కలిపి వాడవచ్చు. ఉప్పునీటి రొయ్యల చెరువు మట్టిని మాత్రం తీసుకోరాదు. రెంటికీ చూపులో తేడా ఉండదు. ఒక గుప్పెడు మట్టిని గ్లాసుడు మంచినీటిలో కలిపి, తేరిన తరువాత ఆ నీటిని మీటరుతో చూస్తే విషయం తెలుస్తుంది. సోడియం చేరి గట్టిపడిన మట్టికి జిప్సం కలిపి మంచినీటితో కడగడం పొలాలలో పాటించే పద్ధతి. కుండీ విషయంలో ఆ శ్రమ కంటే మట్టిని మార్చడమే సులభం.

మార్చే విధానం

ముందురోజు సాయంత్రం కుండీని బాగా తడపాలి. తడిసిన వేరుముద్ద విరగకుండా వస్తుంది. తీగను మూడోవంతు వరకు కత్తిరించడం వలన వేళ్ళ మీద భారం తగ్గుతుంది. చల్లని వేళ, సాయంత్రం పూట పని చేయడం మంచిది. కుండీని పక్కకు పడుకోబెట్టి, గోడను అరచేతితో తట్టి, మొదలు దగ్గర మట్టిని పట్టుకొని జారదీయాలి. కాండాన్ని పట్టి లాగరాదు. రానప్పుడు అంచు వెంట పొడవైన కత్తి తిప్పాలి. అప్పటికీ రాకపోతే మట్టికుండీని పగులగొట్టడమే చవక.

చుట్టుకున్న వేళ్ళను అలాగే కొత్త కుండీలో ఉంచితే అవి చుట్టుకుంటూనే పోతాయి. వేరుముద్దకు నాలుగు వైపులా పైనుండి కిందికి అర అంగుళం లోతున గాట్లు పెట్టి, అడుగున చాపలా అల్లుకున్న భాగాన్ని కోసివేయాలి. కోసిన చోట కొత్త వేళ్ళు పుడతాయి. కొత్త కుండీలో మొక్కను పాత లోతులోనే నిలపాలి. పైన రెండు అంగుళాల ఖాళీ వదలాలి. ఆ ఖాళీ నిండా నీరు నింపగలిగినప్పుడే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. తీగకు నిలబెట్టే కర్రను వేరుముద్ద పెట్టకముందే అమర్చాలి. తరువాత గుచ్చితే వేళ్ళు తెగుతాయి.

పందిరిని వదలని తీగ

తీగమొక్కల విషయంలో అసలు చిక్కు ఇదే. కిటికీ ఊచలకో, మేడ మెట్ల కమ్మీకో ఐదారేళ్ళుగా అల్లుకున్న సన్నజాజిని విప్పడం సాధ్యం కాదు. విప్పబోతే సగం తీగ విరుగుతుంది. ఇటువంటప్పుడు అనుసరించే మార్గాలు కొన్ని ఉన్నాయి.

కుండీ మట్టిదైతే, దాని అడుగును జాగ్రత్తగా పగులగొట్టి, మట్టి నింపిన వెడల్పాటి మరో కుండీలో నాలుగు అంగుళాల లోతుకు కూర్చోబెడతారు. వేళ్ళు పగిలిన అడుగు నుండి కింది మట్టిలోకి దిగుతాయి. తీగ ఎత్తు మారుతుంది కనుక కట్లు కొంత వదులు చేయాలి. ప్లాస్టిక్ కుండీ అయితే పక్కనుండి నిలువుగా కోసి ఊడదీయవచ్చు.

పెద్ద కుండీకి చోటే లేనప్పుడు మట్టిని దశలవారీగా మారుస్తారు. కుండీలో మూడోవంతు భాగాన్ని కేకు ముక్కలా కోసి వేళ్ళతో సహా తీసివేసి, ఆ ఖాళీని కొత్త మిశ్రమంతో నింపుతారు. మరుసటి ఏడాది వానలలో మరో మూడోవంతు. మూడేళ్ళకు మట్టి అంతా మారుతుంది, తీగ పందిరి దిగదు. జపానుకు చెందిన బోన్సాయ్ కళలో వేళ్ళను కత్తిరించి అదే తొట్టిలో చెట్టును దశాబ్దాలు పెంచడం కూడా ఇదే సూత్రంపై ఆధారపడి ఉన్నది.

మూడవది నేలంటు. పొడవైన ఒక తీగను వంచి, పక్కనే ఉంచిన కొత్త కుండీలోని మట్టిలో ఒక కణుపును పాతి, పైన రాయి పెట్టాలి. మల్లె, జాజి, రాధామనోహరం, తమలపాకు వానాకాలంలో ఈ విధంగా సులభంగా వేళ్ళు తొడుగుతాయి. వేళ్ళు పట్టిన తరువాత కూడా తల్లి మొక్క నుండి వెంటనే వేరుచేయకుండా కొన్నాళ్ళు అలాగే ఉంచితే పందిరిపై ఉన్న ఆ కొమ్మకు రెండు కుండీల వేళ్ళు పనిచేస్తాయి. వేరు చోటు పెంచడానికి ఇంతకంటే తక్కువ నష్టం గల పద్ధతి లేదనవచ్చు. ఇంత సులువైనది అరుదుగా వాడుకలో ఉండటం ఆశ్చర్యకరం.

మొక్కలను బట్టి తేడాలు

మల్లె (జాస్మినమ్ సాంబాక్) పూర్తి తీగ కాదు, పాకే పొద. కోస్తాలో దీనికి నవంబరు, డిసెంబరు నెలలలో నీరు తగ్గించి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తారు. వేసవిలో పూత బాగా రావడం ఈ కత్తిరింపు మీదనే ఆధారపడి ఉంటుంది. కుండీ మార్పును కూడా తుపాను భయం తగ్గాక, ఈ కత్తిరింపుతో పాటే చేయడం సౌకర్యం. వానాకాలంలో మారిస్తే మొక్క బాగానే పెరుగుతుంది కాని మళ్ళీ కత్తిరించవలసి రావడంతో ఆ ఎదుగుదల వృథా అవుతుంది.

రాధామనోహరం (కాంబ్రెటమ్ ఇండికమ్) చాలా ఉధృతంగా పెరిగే తీగ. 12 అంగుళాల కుండీ దానికి ఎంతోకాలం సరిపోదు. సగం డ్రమ్ముకు తక్కువైనదానిలో పెంచదలిస్తే ఏటా కత్తిరించక తప్పదు. బోగన్‌విల్లియా (కాగితం పూలు) ఇందుకు పూర్తిగా భిన్నం. వేళ్ళకు కొంత ఇరుకుగా ఉన్నప్పుడే, నీరు తక్కువగా ఉన్నప్పుడే అది ఎక్కువగా పూస్తుంది. ఉప్పుగాలిని కూడా ఓర్చుకుంటుంది. పూయడం లేదని దానికి పెద్ద కుండీ పెట్టేవారికి ఆకులే మిగులుతాయి. పైగా దాని సన్నని వేళ్ళు సులభంగా తెగిపోతాయి కాబట్టి వేరుముద్దను కదపకుండా మార్చాలి.

తమలపాకు (పైపర్ బీటిల్) నీడను, ఎడతెగని తేమను కోరుతుంది. నీరు నిలిస్తే మాత్రం వేరుకుళ్ళు వస్తుంది. ఉప్పును సహించదు. ఆకుతోటలలో దీనిని అవిసె మొక్కలపై పాకిస్తారు. కుండీలో లోతుకంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే దాని వేళ్ళు పైపొరలోనే ఉంటాయి. తీగ కణుపులను ఏటా దించి కుండీ మట్టిపైనే చుట్టి పాతితే కొత్త వేళ్ళు వస్తాయి. మనీ ప్లాంటుకు కుండీ చిన్నదైనా గడిచిపోతుంది. నాచు చుట్టిన కర్రపై పాకించినప్పుడు కణుపు వేళ్ళు కూడా తేమను అందిస్తాయి.

దొండ బహువార్షికం. కాండపు ముక్కల ద్వారా నాటుతారు. దుంపలా లావెక్కిన దాని వేరు కుండీలో ఎక్కువ చోటు ఆక్రమించుకుంటుంది. కాపు తగ్గినప్పుడు కుండీ మార్చడం కంటే ముదురు కాండం నుండి తీసిన కొత్త ముక్కలను పెద్ద కుండీలో నాటుకోవడమే లాభం. బీర, కాకర, ఆనప వంటి ఏడాదిలోపు తీగలు వేళ్ళు కదిపితే కోలుకోవడానికే కాలం సరిపోతుంది. వీటి గింజలను మొదటే 20 లీటర్లకు తక్కువ కాని కుండీలో వేయాలి. శంఖపుష్పం కూడా మొలకగా ఉన్నప్పుడు తప్ప తరువాత మార్పును ఇష్టపడదు.

మార్చిన తరువాత

మొదటి వారం, పది రోజులు ఎండ నేరుగా తగలని చోట ఉంచాలి. తొలిసారి నీరు అడుగు నుండి కారే వరకు పోసి, తరువాత పైమట్టి ఆరినప్పుడే మళ్ళీ పోయాలి. వేళ్ళు తెగిన మొక్కకు వెంటనే రసాయనిక ఎరువు వేయరాదు. అది కూడా లవణమే. నాలుగు వారాల తరువాత కొత్త చిగుళ్ళు కనిపించినప్పుడు మొదలుపెట్టవచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కదపగలిగిన కుండీలను గోడ వారగా పడుకోబెట్టడం, కదపలేని తీగను పలుచన చేయడం ఆనవాయితీ. గాలివాన వెలిసిన తరువాత ఆకులపై పడిన సముద్రపు తుంపరను మంచినీటితో కడగాలి.

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలలో కాలువలో ఇంకా నీరు ఉండగానే ప్రతి కుండీకి దాని మట్టి పరిమాణానికి రెట్టింపు మంచినీటిని, అనగా 22 లీటర్ల కుండీకి సుమారు 44 లీటర్లను, నిదానంగా పోసి అడుగు నుండి పోనీయాలి. దీనివలన అంతవరకు చేరిన ఉప్పు చాలామేరకు కొట్టుకుపోతుంది. ఆ నీరు పళ్ళెంలో నిలవకుండా చూడాలి, లేనిచో మట్టి దానిని తిరిగి పీల్చుకుంటుంది. తరువాత మట్టిపై ఎండుగడ్డి లేదా ఊక రెండు అంగుళాల మందాన పరిస్తే ఆవిరి తగ్గి, కాలువ కట్టిన వారాలలో బోరు నీటి అవసరం అంతమేరకు తగ్గుతుంది. బోరు నీరు తప్పనప్పుడు రోజూ కొంచెం కొంచెంగా కాక, రెండు రోజులకొకసారి అడుగు నుండి కారేటట్లు పోయడం మేలు.